సెటిల్‌మెంట్ వాయిదాల మధ్యలో జీతం తగ్గితే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి. అప్పు తీర్చేందుకు ఒప్పందం కుదిరింది, వాయిదాలు నడుస్తున్నాయి, ఈలోగా ఇంట్లో ఆదాయం పడిపోయింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మావారు పటాన్‌చెరులో ఓ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు కలిపి ఒకే బ్యాంకుకు 4,10,000 బాకీ పడితే 2,40,000కు వన్ టైమ్ సెటిల్‌మెంట్ ఇచ్చారు. ముందు 60,000 కట్టాం. మిగతాది నెలకు 20,000 చొప్పున 9 వాయిదాలు. నాలుగు కట్టాం. ఇప్పుడు ఓవర్‌టైమ్ ఆగిపోయి జీతం 52,000 నుంచి 34,000కు వచ్చింది. నా కుట్టుపని మీద 8,000 వస్తాయి. మరో బ్యాంకులో ఇంటి లోను 18 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లకు తీసుకుని ఆరేళ్లయింది, ఈఎంఐ 16,195. రిజిస్టర్డ్ చిట్ కంపెనీలో లక్ష రూపాయల చీటీ 20 నెలలది ఉంది, నెలకు 5,000. పన్నెండు కట్టాం, ఇంకా పాడలేదు. ఇంటి ఖర్చు ఎంత బిగించినా 17,000. వచ్చే నెల 20,000 ఎక్కడి నుంచి తేవాలి?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు సెటిల్‌మెంట్ లెటర్ తీసి షరతులు చదవండి. ఒక్క వాయిదా తప్పినా సెటిల్‌మెంట్ రద్దవుతుందనీ, అప్పటిదాకా కట్టింది పాత బాకీలో జమ చేసుకుంటామనీ సాధారణంగా ఉంటుంది. మీ విషయంలో దాని అర్థం ఇది: కట్టిన 1,40,000 పోను, ఇంకా ఇవ్వాల్సిన లక్ష కాస్తా 2,70,000 అవుతుంది, ఆపైన వడ్డీ. తిరగేసి చూస్తే, ఇక్కడ మీరు కట్టే ప్రతి రూపాయి 2 రూపాయల 70 పైసల అప్పును తుడిచేస్తుంది. మీ ఇంట్లో ఇంత లాభసాటి చెల్లింపు మరొకటి లేదు. గొంతు పెంచిన వాళ్లకు ముందు కట్టడం మనలో చాలామందికి అలవాటు. కట్టకపోతే ఎక్కడ ఎక్కువ నష్టమో చూసి ఆ వరసలో కట్టాలి. మీకు ఇంటి లోను, సెటిల్‌మెంట్, చీటీ, ఈ వరస.

కోర్టుకు వెళ్తే గడువు పొడిగిస్తారనే ఆశ పెట్టుకోవద్దు. సెటిల్‌మెంట్‌ను హక్కుగా అడగలేరని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో చెప్పింది. బ్యాంకు పెట్టిన గడువును హైకోర్టు రిట్ అధికారంతో పొడిగించడం కుదరదని 2022 నవంబరులో స్టేట్ బ్యాంకు కేసులో మళ్లీ చెప్పింది. పొడిగిస్తే బ్యాంకే పొడిగించాలి. అదీ గడువు దాటకముందు అడిగితేనే మాటకు విలువ ఉంటుంది.

మీ దగ్గర తాళంచెవి ఆ చీటీయే. పన్నెండు నెలలు గడిచాయి కాబట్టి పోటీ తగ్గి ఉంటుంది. 12,000 తగ్గింపుకు పాట కొట్టారనుకుందాం, చేతికి 88,000 వస్తాయి (కంపెనీ కమీషన్ ఆ తగ్గింపులోనే ఉంటుంది, చిట్‌ఫండ్ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దాని గరిష్ఠ పరిమితి 7 శాతం). అయితే పాట కొట్టిన మర్నాడే డబ్బు రాదు. జీతం ఉన్న జామీనుదార్లు కావాలి, వాళ్ల జీతం స్లిప్పులు, సంతకాలు సరిచూసి గానీ కంపెనీ చెక్కు ఇవ్వదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: వాయిదా తేదీకి వారం ముందు పాడతారు, డబ్బు తేదీ దాటాక వస్తుంది. జామీను ఎవరిస్తారో ఈ వారమే తేల్చుకోండి. పాడాక వాయిదా తప్పితే నోటీసు వాళ్ల ఇంటికి కూడా వెళ్తుందన్న సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

బ్యాంకుకు ఇచ్చే అర్జీ ఒక్క పేజీ చాలు. 'కొంత టైమ్ ఇప్పించండి' అని రాస్తే ఫైలులో పడి ఉంటుంది. అంకెలతో రాయండి: ఇప్పటిదాకా కట్టింది 1,40,000, ఆదాయం 60,000 నుంచి 42,000కు తగ్గింది, మిగిలిన లక్షలో 88,000 ఫలానా తేదీకి ఒకేసారి, మిగతా 12,000 నెలకు 3,000 చొప్పున నాలుగు నెలల్లో. లేదా 88,000తోనే ముగించమని అడగండి; ఒకేసారి వచ్చే సొమ్మంటే బ్యాంకులు మొగ్గుతాయి. జీతం తగ్గకముందు మూడు, తగ్గాక రెండు పే స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంటు, కట్టిన రసీదులు జతచేయండి. బ్రాంచిలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సెటిల్‌మెంట్ మంజూరు చేసిన ఆఫీసు వేరైతే (లెటర్ మీద ఉంటుంది) అక్కడికీ ఈమెయిలు పెట్టండి. రికవరీ ఏజెంటు ఫోనులో 'వచ్చే నెల కట్టుకోండి మేడమ్' అన్నది పొడిగింపు కాదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద వస్తేనే లెక్క. డబ్బు కూడా లోను ఖాతాకే పంపండి, ఏజెంటు ఫోన్‌పే నంబరుకు కాదు.

లెక్క సరిపోతుందా? 42,000లోంచి ఇంటి ఖర్చు 17,000, ఈఎంఐ 16,195, చీటీ 5,000 పోతే 3,805 మిగులుతుంది. అందులో 3,000 బ్యాంకుకు. డివిడెండ్ (పాడినవాళ్లు వదులుకున్న సొమ్ములో మీ వాటా) వచ్చిన నెల చీటీకి 5,000 కంటే తక్కువే పడుతుంది. ఇరుకే, కానీ నడుస్తుంది. పాట తర్వాత ఏడు నెలలకు చీటీ కూడా అయిపోతుంది.

ఊపిరి కావాలంటే ఇంటి లోను వైపు చూడండి. మీ లెక్క ప్రకారం అసలు ఇంకా 15 లక్షల 44 వేల దాకా ఉంటుంది, 14 ఏళ్లు మిగిలాయి. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. మీది ఫ్లోటింగ్ రేటు (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) అయ్యుండి ఇంకా 9 శాతమే ఉంటే, పాత పద్ధతి రేటులో ఉండిపోయారేమో అడగండి. చిన్న ఫీజుతో కొత్త రేటుకు మార్చే వీలుంటుంది. 8 శాతం అయితే అదే గడువుకు ఈఎంఐ 15,305. రేటు తగ్గినప్పుడు బ్యాంకులు తమంతట తాము ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గిస్తుంటాయి. మీకు కావలసింది ఈఎంఐ తగ్గడం కాబట్టి ఆ మాట అర్జీలో రాయాలి. ఇక గడువు పొడిగింపు: 9 శాతం మీదే ఇప్పటి నుంచి 20 ఏళ్లకు సాగదీస్తే ఈఎంఐ 13,892 అవుతుంది. నెలకు 2,300 మిగులుతుంది గానీ, చివరికి కట్టేది 6 లక్షల 13 వేలు పెరుగుతుంది. రేటు మార్పు ముందు అడిగి, అదీ చాలకపోతేనే గడువు జోలికి వెళ్లండి. ఇబ్బంది కారణంగా గడువు పెంచితే దాన్ని రీస్ట్రక్చరింగ్‌గా (కట్టలేక షరతులు మార్చుకున్న లోనుగా) మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో చూపే అవకాశం ఉంది; సంతకానికి ముందే అడగండి.

ఒక హెచ్చరిక. సెటిల్‌మెంట్ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తేవద్దు. లక్షకు నెలకు 3,000 వడ్డీకే పోతుంది, అసలు అంగుళం కదలదు.

అంతా కట్టాక, ఇక బాకీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకోండి. సిబిల్‌లో ఆ ఖాతాలు 'సెటిల్డ్' అనే ఉంటాయి, 'క్లోజ్డ్' అని కాదు. బాకీ మాత్రం సున్నా చూపాలి. ఏటా ఒక రిపోర్టు ఉచితం, తీసి చూసుకోండి.

ప్రశ్న: సహకార బ్యాంకు బాకీ మీద లోక్ అదాలత్‌లో నెలకు 10,000 చొప్పున కడతానని రాజీపడ్డాను. ప్రైవేటు స్కూల్లో జీతం 38,000 నుంచి 25,000 చేశారు. రెండు వాయిదాలు తప్పాయి. జైల్లో పెడతారని భయపెడుతున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిమీద అప్పీలు లేదు. వాయిదా తప్పితే బ్యాంకు కొత్తగా దావా వేయనక్కర్లేదు, నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఈపీ వేస్తుంది. అలాగని మొత్తం జీతం పట్టుకుపోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. మీ 25,000లో 17,000 మీకే ఉండాలి, 8,000 దాకా జప్తు చేయవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు నడిచాక ఆ డిక్రీకి జీతం మళ్లీ దొరకదు. పీఎఫ్ కూడా జప్తుకు అందదు.

ఈ అంకెలు మీ బేరానికి పనికొస్తాయి. కోర్టు ద్వారా నెలకు గరిష్ఠంగా 8,000 వస్తుందని బ్యాంకు లాయరుకూ తెలుసు. కాబట్టి నెలకు 6,000 ఇస్తామని, జీతం కోత ఉత్తర్వు జతచేసి మీరే ముందు రాయండి. ఒప్పుకుంటే మెమో రాయించి కోర్టులో నమోదు చేయించాలి. కోర్టు బయట చేతికిచ్చిన డబ్బు నమోదు కాకపోతే ఈపీలో లెక్కలోకి రాదు. దాన్ని నమోదు చేయమని మీరు 30 రోజుల్లో అడగాలి. బ్యాంకు బదిలీ ద్వారా కడితే కట్టినట్టు రుజువైనా చేతిలో ఉంటుంది.

జైలు సంగతి: స్తోమత ఉండీ ఎగ్గొట్టేవాళ్లకే అది. కట్టలేకపోవడం ఒక్కటే కారణంగా జైలుకు పంపకూడదని 1980లోనే సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తేల్చింది. అరెస్టు నోటీసు వస్తే మాత్రం ఆ రోజు కోర్టుకు తప్పకుండా వెళ్లి, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ వేయాలి. వెళ్లకపోతే వారెంటు వస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను 15100.

ప్రశ్న: మూడు మైక్రోఫైనాన్స్ కంపెనీలకు కలిపి నెలకు 9,400 కడుతున్నాను. మావారికి కాలు విరిగి తాపీ పని పోయింది. ఇంటి ఆదాయం 22,000 నుంచి 12,000. సెంటర్ మీటింగులో కట్టేదాకా కదలనివ్వడం లేదు. డ్వాక్రా సంఘంలోనూ బాకీ ఉంది.
– పాలకొండ నుంచి

జవాబు: రిజర్వ్ బ్యాంకు 2022 నియమాల ప్రకారం ఏటా 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి మైక్రోఫైనాన్స్ లోను ఇచ్చేటప్పుడు, ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. అయితే ఇది లోను ఇచ్చేనాటి పరీక్ష. తర్వాత ఆదాయం పడిపోతే వాయిదా దానంతటది తగ్గదు. అప్పట్లో 22,000 మీద 9,400 ఒక్కటే చూస్తే పరిమితి లోపలే ఉంది; డ్వాక్రా వాయిదా కూడా కలిపితే 11,000 దాటిందేమో చూడండి. మీ ఆదాయాన్ని అంతకంటే ఎక్కువ రాసుకున్నారేమో ఒకసారి సరిచూడండి. లేనిది ఎక్కించి ఉంటే అది ఫిర్యాదుకు బలం.

ఆస్పత్రి డిశ్చార్జి కాగితం పెట్టి మూడు కంపెనీలకూ వేర్వేరుగా రాయండి, మూడింటికీ ఒకే నిష్పత్తిలో ఇస్తామని చెప్పండి. ఒకరికి పూర్తిగా కట్టి ఇంకొకరికి ఎగ్గొడితే మిగతా ఇద్దరూ రోజూ ఇంటికొస్తారు. ఆలస్య రుసుము వేస్తే అది దాటిపోయిన వాయిదా మీదే వేయాలి, మొత్తం లోను మీద కాదు. మైక్రోఫైనాన్స్ వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, రాకూడదు. మీటింగులో కూర్చోబెట్టి అవమానించడం నియమాలకు విరుద్ధం. తేదీ, సమయం, వచ్చినవాళ్ల పేరు ఓ నోటుబుక్కులో రాసుకోండి.

డ్వాక్రా బాకీ సంగతి వేరు. అక్కడ సంఘం సమావేశంలో తీర్మానం రాయించి, గ్రామ సంఘం ద్వారా వాయిదా సర్దుబాటు అడగవచ్చు. దాన్ని చివరికి నెట్టవద్దు: సంఘం మొత్తం సకాలంలో కడితేనే వడ్డీ రాయితీ. మీ ఒక్కరి ఆలస్యం పది మందికి తగులుతుంది.

ప్రశ్న: ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తే అప్పులన్నీ పోతాయంటున్నారు. నిజమేనా?
– అనంతపురం పాఠకుడు

జవాబు: చిన్నాచితకా బయటి అప్పులవాళ్ల నోరు కొంతకాలం కట్టేస్తుంది, అంతే. మన దగ్గర ఇప్పటికీ నడిచేది 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. తనఖా పెట్టుకున్న బ్యాంకుకు అది అడ్డం రాదు, ఇల్లు వేలం వేసుకోవచ్చు. మీ ఆస్తి కోర్టు రిసీవర్ చేతికి వెళ్తుంది. రెండేళ్ల లోపు భార్య పేరు మీదికి ఊరికే మార్చిన ఆస్తిని రద్దు చేయవచ్చు. మీకు హామీ సంతకం పెట్టిన బావమరిది మాత్రం అలాగే ఇరుక్కుని ఉంటాడు. పిటిషన్ వేస్తే చాలదు, కోర్టు డిశ్చార్జి ఇవ్వాలి.

ప్రశ్న: ఏజెంట్లు మా అన్నయ్యకూ, ఆఫీసుకూ ఫోన్లు చేస్తున్నారు. ఎవరికి చెప్పాలి?
– వరంగల్

జవాబు: మైక్రోఫైనాన్స్ కాని లోన్లకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయడం, బంధువుల్ని వేధించడం 2022 ఆగస్టు నుంచి రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా నిషేధించింది. కాల్ రికార్డులు, స్క్రీన్‌షాట్లు పెట్టి ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్లవచ్చు, ఫీజు లేదు. ఫోను 14448. వాయిదా తగ్గించమని మాత్రం అంబుడ్స్‌మన్‌ను అడగకండి, అది బ్యాంకు వ్యాపార నిర్ణయమని పక్కన పెడతారు. వేధింపు ఫిర్యాదు ఒక కాగితం మీద, వాయిదా అర్జీ వేరే కాగితం మీద పెట్టండి.