తోడల్లుడి లోన్ గడువు పెరిగితే ష్యూరిటీ సంగతేంటి?

ప్రశ్న: రెండేళ్ల క్రితం మా తోడల్లుడు 12 శాతం వడ్డీకి రూ.10 లక్షల వ్యాపార రుణం తీసుకున్నారు. గడువు అయిదేళ్లు, ష్యూరిటీ నేను. ఈఎంఐ కట్టడం కష్టంగా ఉందని ఇప్పుడు మరో మూడేళ్లు గడువు అడుగుతున్నారు. బ్యాంకువాళ్లు నన్నూ సంతకానికి రమ్మంటున్నారు. నా పూచీ మొదటి అయిదేళ్లకే కదా? అవసరమైతే బంగారం కుదువపెట్టి కొన్ని ఈఎంఐలు నేనే కడదామనుకుంటున్నాను.

జవాబు: ‘అయిదేళ్లకే పూచీ’ అన్న భ్రమ మీ ఒక్కరిది కాదు, అందుకే ఈ జవాబు. అసలు, వడ్డీ పూర్తిగా తీరేదాకా మీ పూచీ ఉంటుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 135వ సెక్షన్ పైకి మీకు అనుకూలంగానే ఉంటుంది. ష్యూరిటీ ఒప్పుకోకుండా రుణగ్రహీతకు గడువిస్తామని బ్యాంకు ఒప్పందం చేసుకుంటే ష్యూరిటీ విముక్తుడవుతాడు. కానీ ముందు మీ హామీ పత్రం తీసి చదవండి. ‘గడువు మార్చినా నా హామీ కొనసాగుతుంది’ అనో, 133 (ష్యూరిటీ ఒప్పుకోకుండా రుణ షరతులు మార్చడం గురించినది), 135 సెక్షన్ల హక్కులు వదులుకుంటున్నాననో బ్యాంకు పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. ఉంటే, మీరు ముందే ఒప్పుకున్నట్టు. లేకపోతే ఇప్పుడు పెట్టబోయే సంతకమే మీ ఒప్పుకోలు. బ్యాంకు వసూలుకు దిగకుండా ఊరికే జాప్యం చేస్తే మాత్రం మీ పూచీ పోదు.

ఇక లెక్క. ఇప్పుడు ఈఎంఐ సుమారు రూ.22,244, బాకీ రూ.6.70 లక్షలు. మిగిలిన మూడేళ్లను ఆరేళ్లు చేస్తే ఈఎంఐ రూ.13,093కు దిగుతుంది, వడ్డీ మాత్రం రూ.1.42 లక్షలు పెరుగుతుంది. పాత గడువు ముగిసే నాటికి సున్నా కావాల్సిన బాకీ ఇంకా రూ.3.94 లక్షలు ఉంటుంది. మీ నెత్తిన అదనంగా పడేది అదే.

మీ ఉత్తరంలో అత్యవసర నిధి మాటే లేదు. బంగారం దాకా వెళ్లారంటే అది లేదనే అర్థం. ఇతరులకు ష్యూరిటీ ఉన్నవాళ్లకు ఆరు నెలల ఇంటి ఖర్చు చాలదు, ఆ లోన్ ఆరు ఈఎంఐలూ కలపాలి. కొత్త లెక్కన రూ.78,600 అదనం. ఆ డబ్బు ఈ బ్యాంకులో పెట్టకండి. హామీ పత్రంలో వీలుంటే మీ ఖాతాలోంచే జమ చేసుకుంటారు. వేరే బ్యాంకులో, మీ పేరిట, ఎప్పుడైనా తీసుకునేలా ఉంచండి. అది కూడేదాకా కొత్త సిప్‌లు, చిట్టీలు పక్కన పెట్టండి.

బంగారం కుదువపెట్టి ఇంకొకరి ఈఎంఐ కట్టడమా? వద్దు. పూచీకి తోడు సొంత అప్పూ మీదవుతుంది, ఆయన వ్యాపారం మాత్రం అలాగే ఉంటుంది.

సంతకానికి ముందు బాకీ స్టేట్‌మెంటు, కొత్త వాయిదాల పట్టిక చేతికి తీసుకోండి. మీ పూచీకి గరిష్ఠ మొత్తం రాయమనండి. బాకీకి సరిపడా టర్మ్ పాలసీ (జీవిత బీమా) మీ తోడల్లుడు తీసుకుని బ్యాంకుకు అసైన్ చేయాలి, అంటే ఆ బీమా సొమ్ముపై హక్కు బ్యాంకుకు రాసివ్వాలి. రెండో ష్యూరిటీ ఉంటే ఆ వ్యక్తి సంతకం కూడా అదే రోజు పడాలి. సంతకం పెట్టనంటే పెంపు ఆగిపోవచ్చు, అప్పుడు పాత ఈఎంఐ తప్పితే నోటీసు మీకూ వస్తుంది. ముందుగా మీ తోడల్లుడిని అడగకుండా నేరుగా మీ దగ్గర వసూలు చేసే హక్కు బ్యాంకుకు ఉంది. మీరు కట్టిన సొమ్మును 145వ సెక్షన్ కింద ఆయన నుంచి రాబట్టుకోవచ్చు, కాబట్టి కట్టిన ప్రతి రూపాయికీ మీ పేరిట రసీదు ఉండాలి.