మస్కట్‌లో కొన్న కారు మన దేశానిదేనా?

ప్రశ్న (రాజోలు): మా అబ్బాయి మస్కట్‌లో కారు కొన్నాడు. ఇండియాలో తయారైందే అని షోరూమ్‌వాళ్లు చెప్పారట. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? తిరిగొచ్చేటప్పుడు దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: షోరూమ్ మాట పక్కన పెట్టి ఛాసిస్ నంబరు చూడమనండి. ముందు అద్దం కింద డ్రైవరు వైపు మూలలోనో, డ్రైవరు డోరు తీస్తే కనిపించే ప్లేటు మీదో ఉంటుంది. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. ఐ, ఓ, క్యూ మాత్రం వాడరు, ఒకటికీ సున్నాకీ పొరబడతారని. మొదటి మూడూ తయారీదారు గుర్తు. ఎం-ఏ-3 అయితే మారుతీ సుజుకీ, ఎం-ఏ-ఎల్ అయితే శ్రీపెరుంబుదూరు హ్యుందాయ్, ఎం-జెడ్-బీ అయితే మన పెనుకొండ కియా. జపాన్ బళ్లు జె తోనూ, కొరియావి కె తోనూ, చైనావి ఎల్ తోనూ మొదలవుతాయి. ఎం ఒక్కటే చూసి సంబరపడొద్దు, థాయ్‌లాండ్, ఇండోనేషియా బళ్లకూ అదే. బ్రాండు చూసి దేశం చెప్పే రోజులు పోయాయి. జపాన్‌లో అమ్మే సుజుకీ ఫ్రాంక్స్ కూడా 2024 నుంచి గుజరాత్ పిపావావ్ రేవులోనే ఓడెక్కుతోంది.

ఇంటికి తేవడం మాత్రం కుదరదు. వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగు కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబయి రేవులోనే దిగాలి. మస్కట్ బండికి స్టీరింగు ఎడమవైపు. మొదటి మెట్టులోనే ఆగిపోయింది. ఆగకపోయినా పన్నులు కారు ధరను దాటిపోతాయి. అక్కడే అమ్మేసి రమ్మనండి.

ప్రశ్న (తాళ్లరేవు): కాకినాడ నుంచి బియ్యం ఓడలకొద్దీ పోతోంది. రాష్ట్రంలోనే కియా ఉంది కదా, కార్లెందుకు పోవు?

జవాబు: బియ్యం బస్తాకు బార్జి (చదునైన సరుకు పడవ) చాలు. యాంకరేజి రేవులో ఓడ దూరంగా నిలబడుతుంది, బార్జి పక్కకు చేరితే ఓడ క్రేనే బస్తాలు ఎత్తుకుంటుంది. కార్లను అలా ఎత్తరు. ఓడ గట్టుకు ఆనుకుని వెనక తలుపు వాల్చితే, డ్రైవర్లు ఒక్కొక్కటీ నడుపుకుంటూ లోపలికి తీసుకెళ్తారు. పెద్ద ఓడలో పన్నెండు, పదమూడు అంతస్తులుంటాయి, ఆరేడు వేల కార్లు పడతాయి. కాకినాడలోనూ లోతైన బెర్తులు (ఓడ గట్టుకు ఆనే చోట్లు) ఉన్నాయి. కానీ ఓడ వచ్చేలోగా వేల కార్లు నిలిపే యార్డు కావాలి, క్రమం తప్పకుండా ఓడలూ రావాలి. చెన్నై, ఎన్నూరు రేవుల పక్కనే ఫ్యాక్టరీలుండటంతో అవి రెండూ అక్కడ అమరాయి. పెనుకొండకూ ఆ తీరమే దగ్గర.

ఓడలో కారుకీ కారుకీ మధ్య పక్కల జానెడు కూడా ఉండదు, ముందూ వెనకా అడుగు. డ్రైవరు బెల్టు బకిల్ తగిలితే చాలు, రంగు గీసుకుపోతుంది. అందుకే బకిల్, గుండీలు పైకి కనబడని దుస్తులే వేసుకుంటారు. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలను పట్టీలతో డెక్కు కొక్కాలకు బిగిస్తారు. ట్యాంకులో కాస్త ఇంధనమే. బ్యాటరీ దిగిపోకుండా ట్రాన్స్‌పోర్టు ఫ్యూజు తీస్తారు. నెలల తరబడి ఒకేచోట నిలిస్తే టైరు అడుగు చదునవుతుంది కాబట్టి గాలి ఎక్కువ కొడతారు. డీలరు ఆ గాలి తగ్గించడం మరిచిపోతే బండి గతుకుల్లో ఎగిరిపడుతుంది, టైరు నడుమ త్వరగా అరుగుతుంది. రాజమండ్రిలో కొత్త బండి డెలివరీ తీసుకునేవాళ్లూ డోరు దగ్గర స్టిక్కరు చూసి గాలి కొలిపించుకోండి.

లెక్కకొస్తే, 2024-25లో మన దేశం నుంచి సుమారు 7.7 లక్షల ప్యాసింజరు బళ్లు ఎగుమతయ్యాయి, అందులో మారుతీవే 3.3 లక్షలు. 2023లో జపాన్‌ను దాటేసిన చైనా మాత్రం 2024లో 58 లక్షల వాహనాలు పంపింది. వాళ్లది గోదావరి వరద, మనది ఇంకా పంటకాలువే.

ప్రశ్న (అంబాజీపేట): మా కొబ్బరి పీచు యూనిట్ సరుకు కారు సీట్లకు అమ్మొచ్చా?

జవాబు: ఒకప్పుడు వాడేవారు. మెలిపెట్టిన పీచును విప్పి, రబ్బరు పాలు చల్లి, ఆరబెట్టి, వేడి అచ్చులో నొక్కితే దిండు తయారయ్యేది. ఇప్పుడు దాదాపు అంతా ఫోమే. పైగా కారు కంపెనీ మీ దగ్గర నేరుగా కొనదు, సీట్లు కుట్టే సరఫరాదారు కొంటాడు. వాడు ముందు అడిగేది ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్, అంటే కారు విడిభాగాలు చేసేవాళ్ల నాణ్యతకు ఇచ్చే ధ్రువపత్రం. అమెరికా ప్రమాణం ప్రకారం సీటు సామగ్రి నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా కాలకూడదు, పీచుకు అది గట్టి పరీక్షే. తడి మిగిలిన పీచు కంటెయినర్లో బూజు పడుతుంది. ముందు పరుపులవాళ్లకు అమ్మి, ఒక్కో లాటు తేమ రాసిపెట్టడం అలవాటు చేసుకోండి. సీట్లవాళ్ల ఆడిటర్ వస్తే మొదట అడిగేది ఆ పుస్తకమే.