కన్సోల్ కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు వాడితే వారంటీ పోతుందా?

ప్రశ్న: నేను హన్మకొండలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. గేమింగ్ కన్సోల్ (టీవీకి కలిపి ఆటలు ఆడే యంత్రం) కోసం తయారైన, చేత్తో పట్టుకుని ఆడే వైర్‌లెస్ కంట్రోలర్‌ను దుకాణంలో కొని, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామ్ సాయంతో బ్లూటూత్ ద్వారా నా కంప్యూటర్‌కు కలిపి ఆటలు ఆడుతున్నాను. ఆరు నెలలకే, దాని మీద బొటనవేలితో తిప్పే ఎడమ స్టిక్‌ను ముట్టుకోకపోయినా తెర మీది పాత్ర దానంతటదే పక్కకు జరిగిపోతోంది. ఏడాది వారంటీ ఉన్నప్పటికీ, కంప్యూటర్‌కు వాడారు కాబట్టి వర్తించదని దుకాణదారు అంటున్నారు. అలా వాడటమే చట్టవిరుద్ధమని మిత్రుడొకరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ భయం తీరుస్తాను. డబ్బు పెట్టి కొన్న కంట్రోలర్ మీ సొత్తు. దాన్ని మీ కంప్యూటర్‌కు కలుపుకోవడం నేరం కాదు. బ్లూటూత్ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో తక్కువ శక్తితో నడిచే పరికరాల వాడకానికి కేంద్ర ప్రభుత్వం 2005లోనే లైసెన్సు మినహాయింపు ఇచ్చింది. విండోస్ ఆటల్లో చాలావరకు మైక్రోసాఫ్ట్ కన్సోల్ అయిన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పద్ధతికి అనుగుణంగా తయారవుతాయి కాబట్టి, మీరు వాడే ప్రోగ్రామ్ మీ కంట్రోలర్ సంకేతాలను ఆ పద్ధతిలోకి మార్చి ఆటకు అందిస్తుంది, అంతే. ఇలాంటి ప్రోగ్రామ్ తయారీ విషయానికొస్తే, స్వతంత్రంగా రూపొందిన ఒక ప్రోగ్రామ్ ఇతర ప్రోగ్రామ్‌లతో కలిసి పనిచేయడానికి అవసరమై, మరో విధంగా సులువుగా దొరకని సమాచారాన్ని చట్టబద్ధంగా చేతికి వచ్చిన ప్రోగ్రామ్ నుంచి రాబట్టడం ఉల్లంఘన కాదని కాపీరైట్ చట్టం, 1957లోని 52(1)(ఏబీ) క్లాజు చెబుతోంది. అదే చట్టంలోని 65ఏ సెక్షన్ శిక్షించేది, కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను (కాపీ చేయకుండా పెట్టే డిజిటల్ తాళం లాంటిది) ఛేదించిన వారిని. దొంగ కాపీ ఆటలు ఆడుతుంటే మాత్రం ఈ జవాబు మీకు రక్షణ కాదు. ఆన్‌లైన్ పోటీ ఆటల్లో నిర్వాహకులు ఇలాంటి ప్రోగ్రామ్‌లను నిషేధించి ఉంటే మీ ఖాతా రద్దు కావచ్చు గానీ, అది మీకూ వారికీ మధ్య ఒప్పందానికి సంబంధించిన విషయం.

ఇక వారంటీ. దుకాణదారు నోటిమాట కంటే వారంటీ పత్రం మీద అచ్చయిన షరతే ప్రధానం. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. పరికరాన్ని విప్పినా, నీటిలో తడిసినా, అందులో మార్పులు చేసినా వారంటీ వర్తించదని సాధారణంగా రాస్తారు. కంప్యూటర్‌కు కలపరాదన్న మాట అందులో లేకపోతే, అమ్మకం జరిగిన తరువాత దుకాణదారు కొత్త షరతు చేర్చడానికి వీలులేదు. ఉన్నా కూడా, ఆ వాడకం వల్లనే స్టిక్ చెడిందని వారు చూపించాలని గట్టిగా వాదించవచ్చు. స్టిక్ దానంతటదే కదలడానికి ఎక్కువగా కారణమయ్యేది దాని అడుగున ఉండే సెన్సర్ అరుగుదల. సంకేతాలను చదివి మార్చే ప్రోగ్రామ్ ఆ భాగాన్ని అరగదీయదు.

దీనికి మీరే ఒక సాక్ష్యం సిద్ధం చేసుకోవచ్చు. కంట్రోలర్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి, అది ఏ కన్సోల్ కోసం తయారైందో ఆ కన్సోల్‌కే కలిపి, స్టిక్‌ను తాకకుండా పక్కన పెట్టండి. అక్కడ కూడా పాత్ర జరిగిపోతే దుకాణదారు వాదన చాలావరకు వీగిపోతుంది. సీరియల్ నంబరు కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. శుభ్రం చేద్దామని స్క్రూలు మాత్రం విప్పవద్దు. ఒక్కసారి విప్పితే ఇంత బలమైన కేసూ బలహీనపడుతుంది.

ఆ తరువాత బిల్లు, వారంటీ పత్రం నకళ్లు జతచేసి, పదిహేను రోజుల గడువుతో దుకాణదారుకూ తయారీ కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. విక్రేత చెప్పుకున్న ప్రమాణానికి తగ్గ నాణ్యత లేకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(10) సెక్షన్ లోపంగా నిర్వచిస్తోంది. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే కొన్ని వివాదాలు అక్కడే పరిష్కారమవుతాయి. కాకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల రూపాయలకు మించనప్పుడు ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అవసరమైతే వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపించే అధికారం, లోపం సరిచేయమనో, వస్తువు మార్చమనో, డబ్బు తిరిగి ఇమ్మనో ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉన్నాయి. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. అయితే వారంటీ ముగిసేలోపే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి, ఆ నోటీసును ఈ వారంలోనే పంపండి.