మాదకద్రవ్యాలను చట్టబద్ధం చేయాలా? తమ్ముణ్ణి పోగొట్టుకున్నాక నా అభిప్రాయం

మాదకద్రవ్యాలను చట్టబద్ధం చేస్తే అందరూ అలవాటు పడిపోతారు, నిషేధమే మేలు కదా అని చాలామంది అంటారు. ఒకప్పుడు నేనూ ఇదే మాట గట్టిగా అనేదాన్ని. మా తమ్ముడు పోయాక అనలేకపోతున్నాను.

వాడు హెరాయిన్‌కు అలవాటు పడ్డాడు. ఎవరికీ అమ్మలేదు. తన కోసం కొనుక్కున్న చిన్న పొట్లంతో దొరికి ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. అక్కడ మత్తు ముట్టలేదని, ఇక మారిపోయాడని ఎంత సంబరపడ్డామో! కొన్నాళ్లు మానేస్తే శరీరానికి ఆ మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుందనీ, అప్పుడు పాత మోతాదే ప్రాణం తీస్తుందనీ మాకు ఎవరూ చెప్పలేదు. జైలు నుంచి బయటికొచ్చిన మొదటి రెండు వారాలే అన్నిటికంటే ప్రమాదమట. వాడు నాలుగో రోజునే స్నేహితుడి గదిలో పాత మోతాదు తీసుకున్నాడు. పెదవులు నీలంగా మారాయి. గొంతులో గురగురమంటూ గురక. ఆ స్నేహితుడు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అంబులెన్స్ వెనకే పోలీసులు వస్తారేమోనన్న భయంతో మళ్లీ కింద పెట్టేశాడు. తెల్లవారేసరికి మా తమ్ముడు లేడు. ఇదంతా అతనే ఏడుస్తూ నాకు చెప్పాడు. అతని జేబులోనూ అలాంటి పొట్లమే ఉంది. అతని మీద నాకు కోపం రాలేదు.

నాలోక్సోన్ అనే మందు ఉంది. సమయానికి ముక్కులో పిచికారీ చేస్తే, హెరాయిన్ వల్ల ఆగిపోతున్న శ్వాస నిమిషాల్లో తిరిగి అందుకుంటుంది. కానీ ఎవరో ఒకరు ధైర్యంగా ఫోను చేయాలి కదా.

అందుకే వాడేవాళ్లను నేరస్థులుగా చూడటం మానాలంటాను. అమ్మకాన్ని చట్టబద్ధం చేయడం వేరే సంగతి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే వాదన ఎప్పటికీ తెగదు. పోర్చుగల్ 2001 నుంచి, పది రోజుల వాడకానికి మించకుండా దొరికినవాళ్లను క్రిమినల్ కోర్టుకు కాక ఒక కమిటీ ముందుకు పంపుతోంది. అమ్మడం అక్కడ ఇప్పటికీ నేరమే.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ కూడా చెప్పాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర ప్రజలు 2020లో ఓటు వేసి ఇలాంటి దారే పట్టారు. చికిత్స కోసం కేటాయించిన డబ్బు అందడం ఆలస్యమైంది, ఈలోగా ఫెంటనిల్ అనే, హెరాయిన్ కంటే బలమైన మత్తుమందు ముంచెత్తింది. 2024లో మళ్లీ నేరంగా మార్చారు. శిక్ష తీసేసి, వైద్యం చూపించకుండా వదిలేస్తే ఏమవుతుందో అక్కడ కనిపించింది.

ఇక దుకాణాల్లో అమ్మనిస్తే కల్తీ పోతుందనేవాళ్ల మాటలో నిజం ఉంది. అయినా నాకు మనసొప్పదు. మద్యం, పొగాకు కంపెనీలు లాభం కోసం కొత్తవాళ్లను ఎలా అలవాటు చేశాయో చూశాం. స్విట్జర్లాండ్‌లో 1994 నుంచి, ఏ చికిత్సకూ లొంగని రోగులకు వైద్యుల పర్యవేక్షణలో హెరాయిన్ ఇస్తున్నారు. అంతవరకైతే మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

మీకు తెలిసినవాళ్లలో ఇలాంటి మనిషి ఉంటే చట్టం మారేదాకా ఆగకండి. తట్టి లేపినా లేవకుండా ఆ గురక వినిపిస్తే నిద్ర అనుకోవద్దు. వెంటనే అంబులెన్స్‌ను పిలవండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాళ్లు వచ్చేదాకా పక్కనే ఉండండి.