రివాల్వర్‌కు లేజర్ బిగించుకున్నాను, లైసెన్స్ పోతుందా?

ప్రశ్న: సింగరాయకొండ దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజుల్లో రాత్రిపూట డబ్బుతో రావలసి ఉంటుంది గనుక .32 రివాల్వర్‌కు లైసెన్స్ తీసుకున్నాను. ఒకసారి చెరువు గట్టు మీద దొంగలు మమ్మల్ని చుట్టుముట్టారు. శుక్లాల ఆపరేషన్ తర్వాత నాకు గురి ఆనడం లేదని మా మేనల్లుడు లేజర్ పాయింటర్‌తో ఒక గురి లైటు ఇంట్లోనే తయారు చేసి ఇచ్చాడు. 2024 డిసెంబరులో ఒంగోలులో తెలిసిన లేత్ షాపులో రివాల్వర్‌ను ఒక రాత్రి ఉంచి దానిని బిగింపించుకున్నాను. తర్వాత భయపడి తీసేశాను. ఇటీవల రెన్యువల్ తనిఖీలో ఎస్సై గారు ఫ్రేమ్ మీది రెండు చిల్లులు చూసి నోట్ చేసుకున్నారు, రివాల్వర్ మాత్రం తిరిగి ఇచ్చారు. ఇప్పుడు కలెక్టర్ కార్యాలయం నుంచి 15 రోజుల్లో సంజాయిషీ చెప్పమని నోటీసు వచ్చింది. ఏడాది దాటింది గనుక కాలపరిమితి అయిపోయినట్లేనా? చిల్లులు వెల్డింగ్‌తో పూడ్పించి సాన పట్టిస్తే సరిపోతుందా?

జవాబు: ఇక్కడ కుదించి ఇచ్చిన మీ ఉత్తరంలో మీరు దొంగల గురించి రెండు పేజీలు రాశారు, రివాల్వర్ లేత్ షాపులో గడిపిన రాత్రి గురించి ఒక్క వాక్యం రాశారు. న్యాయస్థానం చూసేది ఆ వాక్యాన్నే. లేజర్ లైటు సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలవలసింది, లైసెన్స్ లేని మనిషి చేతిలో మీ ఆయుధం మీరు లేకుండా ఎంతసేపు ఉంది, అతను దానికి ఏం చేశాడు అన్నది.

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 2 తుపాకీ నిర్వచనంలో దాని విడిభాగాలనూ, పేలుడు శబ్దాన్నీ మెరుపునూ తగ్గించే పరికరాలనూ పేరుపెట్టి చేర్చింది గానీ, లేజర్ గురి లైటును అలా చేర్చలేదు. కాబట్టి ఆ వస్తువు ఒక్కటే మీ మీద పెద్ద నేరం మోపడానికి చాలదని నా అభిప్రాయం. అయితే దాన్ని బిగించడానికి ఫ్రేమ్‌కు చిల్లులు పెట్టించారు. లైసెన్స్ లేకుండా తుపాకీని మార్చడం, మరమ్మతు చేయడం సెక్షన్ 5 నిషేధిస్తుంది. దాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 25(1)(ఎ) కింద, 2019 సవరణ తర్వాత, కనీసం 7 సంవత్సరాల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం పడవచ్చు. రెండు స్క్రూ చిల్లులు ఆ మాటల పరిధిలోకి వస్తాయా అన్నది వాదించదగ్గ విషయమే. ఆయుధం పనితీరు మారలేదనీ, రివాల్వర్ రివాల్వర్‌గానే ఉందనీ నిపుణుడి నివేదిక చెబితే మీ వాదనకు బలం వస్తుంది. కాబట్టి ఆ ఆయుధం ఈ రోజు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో నిపుణుడి ముందుకు వెళ్ళాలి.

సెక్షన్ 3లో ఒక మినహాయింపు ఉంది. లైసెన్స్‌దారు సమక్షంలో గానీ, అతను రాతపూర్వకంగా ఇచ్చిన అధికారంతో గానీ, మరమ్మతు నిమిత్తం మరొకరు తుపాకీని తీసుకువెళ్ళవచ్చు. మీరు ఆ రాత్రి అక్కడ లేరు, కాగితం కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉన్నా, ఆ మినహాయింపు తీసుకువెళ్ళడానికే తప్ప లైసెన్స్ లేని వాడు డ్రిల్లు వేయడానికి కాదు. ఎదుటివారికి ఆయుధం ఉంచుకునే అర్హత ఉందో లేదో చూసుకోకుండా అప్పగించడం సెక్షన్ 29 కింద నేరం. లైసెన్స్ షరతుల ఉల్లంఘనకు సెక్షన్ 30 ఉంది. లైసెన్స్ పుస్తకంలోని షరతులు ఒక్కసారైనా చదివి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు. ట్రాక్టర్‌ను షెడ్డులో వదిలి వచ్చినట్లు రివాల్వర్‌ను లేత్ షాపులో వదిలి రావడం క్షమించరాని అజాగ్రత్త.

కాలపరిమితి విషయంలో మీరు విన్నది సగమే నిజం. నేర విచారణ పద్ధతిని నిర్ణయించే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 514 ప్రకారం, ఏడాదికి మించని శిక్ష ఉన్న నేరాలను విచారణకు స్వీకరించడానికి ఏడాది గడువు ఉంటుంది. సెక్షన్ 30 కింద గరిష్ఠ శిక్ష 6 నెలలు, సెక్షన్ 29 కింద కూడా నిషిద్ధ ఆయుధం కాకపోతే 6 నెలలే గనుక, ఆ రెండింటికీ ఈ గడువు వర్తిస్తుంది. అయితే నేరం జరిగిన సంగతి పోలీసులకు తెలియనప్పుడు, తెలిసిన రోజు నుంచే గడువు మొదలవుతుందని సెక్షన్ 515 చెబుతుంది. అంటే ఎస్సై గారు చిల్లులు చూసిన రోజు నుంచి లెక్క. మీ మేనల్లుడు గోడ మీద ఎర్రచుక్క పడుతున్న వీడియోను అప్పట్లోనే వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాడని రాశారు. దాన్ని స్టేషన్ సిబ్బంది ఎవరైనా ఆనాడే చూసి ఉంటే గడువు ముందే మొదలైందని వాదించవచ్చు గానీ, అలా వాదించాలంటే ఆ వీడియోను మీరే కోర్టులో పెట్టుకోవాలి. ఇక సెక్షన్ 25(1)(ఎ) కింద కేసు పెడితే కాలపరిమితి అనేదే లేదు.

2024 సార్వత్రిక ఎన్నికలకు ముందు రివాల్వర్‌ను స్టేషన్‌లో డిపాజిట్ చేశారు గదా, ఆ రసీదూ, తిరిగి ఇచ్చినప్పటి రిజిస్టర్ నమోదూ జాగ్రత్తగా బయటికి తీయండి. అందులో ఆయుధం నంబరూ వర్ణనా ఉంటే, మార్పు ఆ తర్వాతే జరిగిందనీ, తేదీ విషయంలో మీరు దాచిందేమీ లేదనీ చూపవచ్చు. అదే కాగితం, చిల్లులు కొన్నప్పటి నుంచే ఉన్నాయని చెప్పే దారిని మీకు మూసేస్తుంది కూడా. ఆ అబద్ధం చెప్పాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

వెల్డింగ్ గురించి అడిగారు. చేయించకండి. ఆ పని కోసం ఆయుధాన్ని మరోసారి లైసెన్స్ లేని చేతిలో పెట్టాలి, అదీ నోటీసు అందిన తర్వాత. సాన పట్టేటప్పుడు నంబరు మీదో తయారీ గుర్తు మీదో గీత పడిందా, సెక్షన్ 8 వచ్చి కూర్చుంటుంది. గుర్తు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, చెరిపింది అతనే అని ఆ సెక్షన్ భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసిన భారమూ అతనిదే. పైగా ఎస్సై గారి నోట్‌లో ఉన్న చిల్లులు కలెక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి మాయమైతే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద సాక్ష్యం మాయం చేసిన నేరం తోడవుతుంది. ఫోన్‌లోని వీడియో చెరపడం, పాత తేదీతో అధికార పత్రం పుట్టించడం, రివాల్వర్ పోయిందని ఫిర్యాదు ఇవ్వడం కూడా ఇదే కోవలోవి. లేత్ షాపు మనిషిని పిలిపించి ఏం చెప్పాలో నేర్పకండి. అతను నిందితుడూ కావచ్చు, మీ మీద ప్రాసిక్యూషన్ సాక్షీ కావచ్చు.

ఇంకొక ప్రమాదం మీ సంజాయిషీలోనే ఉంది. చూపు సరిగా ఆనకే లేజర్ పెట్టించానని కలెక్టర్ గారికి రాయబోతున్నారు. సానుభూతి వస్తుందని మీ ఆశ. లైసెన్స్‌దారు ఆయుధం ఉంచుకోవడానికి ఏ కారణం చేతనైనా అనర్హుడైతే సెక్షన్ 17(3) కింద లైసెన్స్ రద్దు చేయవచ్చు. ఆ కారణాన్ని మీ సంతకంతో మీరే అందిస్తున్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు గానీ, కలెక్టర్ పోలీసు అధికారి కారు. ఆయనకు రాసి ఇచ్చిన వాక్యం రేపు క్రిమినల్ కోర్టులో మీ మీదికే రావచ్చు.

నోటీసు అందిన తేదీ కూడా ఉత్తరంలో రాయలేదు, నకలూ జతచేయలేదు. గడువు ఇంకా ఉందనుకుని చెబుతున్నాను. ముందు రివాల్వర్‌ను ఇప్పుడున్న స్థితిలోనే, నంబరు కనిపించేలా ఫొటోలు తీసుకుని, స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. విప్పేసిన లేజర్ ఇంట్లో ఉంటే పారేయకుండా మీ న్యాయవాదికి చూపించండి. లైసెన్స్ గడువు ముగిసి ఉంటే ఈ డిపాజిట్ సెక్షన్ 21 కింద తప్పనిసరి కూడా. తర్వాత ఎస్సై గారి నివేదిక నకలూ, జవాబుకు మరికొంత సమయమూ, వ్యక్తిగత విచారణా కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో చిన్న అర్జీ పంపండి. పూర్తి జవాబును క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది చేతనే రాయించండి. ఆయుధం డిపాజిట్‌లో ఉందని, నంబరు చెక్కుచెదరలేదని, నిపుణుడి పరీక్షకు సిద్ధమని, ఇన్నేళ్ళలో దుర్వినియోగం లేదని రాస్తే చాలు. ఏమీ తెలియదని మాత్రం రాయకండి.

ఎఫ్.ఐ.ఆర్. నమోదయ్యే సూచన కనిపిస్తే, ఆలస్యం చేయకుండా ఒంగోలు జిల్లా కోర్టులో భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలుకు దరఖాస్తు వేయించండి. లైసెన్స్ రద్దు ఉత్తర్వు వస్తే, కారణాల ప్రతి అడిగి తీసుకుని, అందిన రోజు నుంచి 30 రోజుల్లో ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అవకాశం ఉన్నా దాని మీద ఆధారపడకండి. అప్పీలు వేసినంత మాత్రాన రద్దు ఆగదు గనుక, నిలుపుదల ఉత్తర్వు కోసం అదే రోజు వేరే దరఖాస్తు జతచేయండి.