బీప్ వచ్చిందని నమ్మకు

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

రాత్రి నువ్వు పంపిన ఫోటోలు కళ్లజోడు పెట్టుకుని, పెద్దవి చేసుకుని మరీ చూశాను. ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ స్క్రీన్ పైకెత్తేటప్పుడు వెనక కేబుల్ తీయడం మర్చిపోయావు. స్క్రీన్ వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్‌కి కరెంటు ఇచ్చే కనెక్టర్ లేచొచ్చేసింది, పోతూ పోతూ బోర్డు మీద అది అతికి ఉండే రెండు రాగి ప్యాడ్లను కూడా పట్టుకుపోయింది. టెన్షన్ పడకు, ఈ పని నేనూ చేశాను. కానీ ఫోన్లో "సన్న తీగ వేసేశా మావయ్యా, మీటరు బీప్ అంటోంది, రేపు ఇచ్చేస్తా" అన్నావే, ఆ మాటకే ఈ ఉత్తరం.

టీవీలు తగ్గిపోయి కంప్యూటర్లు పట్టుకున్న కొత్తలో నా బల్ల మీదకి ఇలాంటిదే ఒకటి వచ్చింది. వెంట్రుకంత ఎనామెల్ పూత రాగి తీగ వేశాను. బీప్ వచ్చింది, స్క్రీన్ వెలిగింది, డబ్బులు తీసుకున్నాను. వారం తిరక్కుండా ఆ కంప్యూటర్ తెచ్చినతను మళ్లీ వచ్చాడు. వెలుగు పెంచితే స్క్రీన్ రెపరెపలాడుతోంది, తగ్గిస్తే బాగానే ఉంది. విప్పి చూస్తే తీగ అతికిన చోట బోర్డు అట్టు మాడినట్టు గోధుమ రంగుకి తిరిగింది. డబ్బులు వెనక్కిచ్చి, మూడు రోజులు ఊరికే పనిచేశాను.

ఆ బీప్ ఏమిటో చెబుతా విను. చాలా మీటర్లు దారిలో ముప్పై ఓముల అడ్డు ఉన్నా బీప్ అంటాయి. అది దారి ఉందని చెబుతుందే తప్ప ఆ దారిలో బండి పోతుందో లేదో చెప్పదు. నీ స్క్రీన్ బ్యాక్‌లైట్ ఇరవై వాట్లు తింటుందనుకో. పన్నెండు వోల్టుల లైన్లో అది ఆంపియరున్నర పైమాటే. అతుకులో ఒక్క ఓము మిగిలినా చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే పడిపోతుంది, రెండు వాట్లకు పైగా వేడి బియ్యపుగింజంత చోట పుడుతుంది. మాడక ఏం చేస్తుంది?

కాబట్టి ఆ తీగ తీసెయ్. మళ్లీ మొదటినుంచి రా.

ముందు అడాప్టర్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టు. బోర్డు మీది నాణెం లాంటి సీమాస్ బ్యాటరీ కూడా తియ్. పవర్ సప్లయ్ లోపలే ఉన్న మోడల్ ఎప్పుడైనా వస్తే దాని పెద్ద కెపాసిటర్ దగ్గర వేలు పెట్టకు, మూడు వందల వోల్టులు దాటి ఉంటుంది. అది టీవీ రోజుల నుంచీ నాకు బాగా తెలిసిన దెబ్బ.

తర్వాత ఏ పిన్ను ఏమిటో తేల్చు. మీటరు ఒక కొన బోర్డు స్క్రూ రంధ్రం మీద పెట్టి, రెండోది ఒక్కో ప్యాడ్ మీద పెడితే గ్రౌండ్లు దొరికిపోతాయి. పన్నెండు వోల్టుల పిన్నులు లావు రాగి గీత, అంటే లావు ట్రాక్ మీద ఉంటాయి, ఆ ట్రాక్ వెంట వెళ్తే చిన్న ఫ్యూజు, దాని దగ్గర కెపాసిటర్లు కనిపిస్తాయి. మిగిలిన సన్న ట్రాకులు బ్యాక్‌లైట్ వెలిగించేది, వెలుగు తగ్గించి పెంచేది. అవి మామూలుగా మూడు వోల్టుల చిల్లర సిగ్నల్స్. పన్నెండు వోల్టుల పక్కనే అవి ఉండటమే అసలు ప్రమాదం. సోల్డర్ చుక్క ఒకటి పక్కకి జారిందా, స్క్రీన్‌తో ఆగదు, బోర్డే పోతుంది.

ఫ్యూజు పోయి ఉంటే దాని మీద తీగ వేసే తెలివి చూపించకు. ఫ్యూజు దాటాక గ్రౌండ్‌కి షార్ట్ ఉందేమో చూసి, అప్పుడు అదే రేటింగ్ ఫ్యూజు వెయ్యి.

ఫోటోలో చూస్తే ఊడిన ప్యాడ్లలో ఒకటి లావు ట్రాక్ మీదిది. ట్రాక్ మీది ఆకుపచ్చ పూత బ్లేడుతో మూడు నాలుగు మిల్లీమీటర్లు గీకు. మన ఊళ్లో కొమ్ము బొమ్మలు చేసేవాళ్లని చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేవాడివిగా, వాళ్లు బలం పెట్టరు, బ్లేడు బరువే పడనిస్తారు. అలా గీకు. రాగి మెరవగానే ఆగు, ఇంకో గీత గీశావంటే రాగి కూడా పోతుంది. సోల్డర్ బాగా పట్టేలా ఫ్లక్స్ రాసి, సోల్డర్ పల్చగా పట్టించి, సిగ్నల్‌కి సన్న తీగ, పవర్‌కి పాయింట్ మూడు మిల్లీమీటర్ల తీగ వెయ్యి. గ్రౌండ్ ప్యాడ్ వేడంతా తాగేస్తుంది. అక్కడ టెంపరేచర్ పెంచుకుంటూ పోకుండా సోల్డరింగ్ ఐరన్‌కి వెడల్పాటి బిట్టు మార్చు. కనెక్టర్ పాత బోర్డు నుంచి పీకినదైనా పరవాలేదు కానీ ప్లాస్టిక్ పగిలి ఉండకూడదు. అన్నీ అయ్యాక దాని ఒంటికి రెండు పక్కలా ఎపాక్సీ పెట్టు, పిన్నులకు తగలనీకు. రేపు ఎవరైనా కేబుల్ లాగితే ఆ బరువు ప్యాడ్ల మీద పడకూడదు.

పాత టీవీలకైతే కరెంటు ఎక్కువ పోకుండా సీరీస్ బల్బు పెట్టి చూసేవాణ్ని. నీకు డీసీ సప్లయ్ ఉందిగా, అడాప్టర్ వోల్టేజీ పెట్టి కరెంటు తక్కువకు కట్టేసి ఆన్ చెయ్. స్క్రీన్ నల్లగానే ఉంటే టార్చి వేసి చూడు. మసగ్గా బొమ్మ కనిపిస్తే స్క్రీన్‌కి సిగ్నల్ వస్తోంది, బ్యాక్‌లైట్ ఒక్కటే రావట్లేదు.

వెలిగిందా, కరెంటు పరిమితి పెంచి, తెల్ల పేజీ పెట్టి, వెలుగు పూర్తిగా పెంచి అరగంట వదిలెయ్. నీ పవర్ తీగ రెండు కొసలకూ ముందే రెండు వైర్లు అతికించి బయటికి లాగి ఉంచుకో, నడుస్తున్న బోర్డు మీద మీటరు కొన జారితే పని మొత్తం గంగపాలు. మిల్లీవోల్టుల్లో చూడు. మూడు సెంటీమీటర్ల తీగకి పది, పదిహేను వస్తే సరే. వంద దాటితే, ఎంత బీప్ వచ్చినా, మళ్లీ అతుకు.

ఇక ఆ కంప్యూటర్ ఇచ్చిన ఒడియా ఆయన గంటకోసారి వచ్చి "ఆజి హెబొ కి?", ఇవాళ అవుతుందా అంటున్నాడన్నావు. ఇవాళ కాదని చెప్పు. కనెక్టర్ నా చేత్తోనే ఊడిందని కూడా చెప్పు. ఆ పార్టు డబ్బులు అడక్కు.

లావు ఎనామెల్ తీగ మీ గుణుపురంలో దొరక్కపోతే వెతుక్కోకు. నా దగ్గర రెండు చుట్టలున్నాయి. ఆదివారం మీ అమ్మ రైలుకి అక్కడికి వస్తానంది, పనసపొట్టు సంచీలో అడుగున పెట్టి పంపుతాను.

మీ మావయ్య