కడపలోనే ఉండి ఎండతో హైడ్రోజన్ తీసే రీసెర్చ్‌లో చేరొచ్చా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ అయింది, యోగి వేమన యూనివర్సిటీలో సూర్యకాంతితో నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసే పరిశోధన జరుగుతోందని విన్నారు, అది నిజంగా అయ్యే పనేనా అన్నది ఒకటి. ఇంట్లో వాళ్ళు బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటుంటే ఇందులో దిగొచ్చా అన్నది రెండోది. నేను కడపలోనే ఈ పనిలో కొన్నేళ్ళు ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను.

అయ్యే పనే. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద అతినీలలోహిత కాంతి పడితే నీళ్ళు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతాయని 1972లోనే జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా చూపించారు. గోడలకు వేసే పెయింట్‌లో తెల్లదనం కోసం కలిపేది ఆ పొడే. చవక, నీళ్ళలో కరగదు, ఎండకు పాడవదు. చిక్కల్లా అది పీల్చుకునేది అతినీలలోహిత కిరణాలను మాత్రమే. ఎండలో వాటి వాటా నూటికి నాలుగైదు పాళ్ళే, మన కడప మే నెల ఎండయినా సరే. ఇంకో ఇబ్బంది, కాంతి తగిలి పైకి లేచిన ఎలక్ట్రాన్ ఏ పనీ చేయకముందే తిరిగి తన చోటికి పడిపోవడం. అందుకే పొడిని నానో గొట్టాలుగా మారుస్తారు, రాగి, నికెల్ లాంటివి కొద్దిగా చేరుస్తారు. యోగి వేమన మెటీరియల్స్ సైన్స్, నానోటెక్నాలజీ విభాగం నుంచి ఈ పని మీద చాలా పరిశోధన పేపర్లు వచ్చాయి. 2006లో మొదలైన యూనివర్సిటీకి ఇది మామూలు విషయం కాదు.

రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకుని రండి. టైటానియం డయాక్సైడ్ పొడిని గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి, లోపల టెఫ్లాన్ గిన్నె ఉండే స్టీల్ ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి బయటికి పోని గట్టి పాత్రలో బిగించి, 130 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెడతాం. తీశాక తెల్లటి ముద్ద వస్తుంది. అసలు ఓపిక అక్కడ కావాలి. పలుచని ఆమ్లంతో కడగాలి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైనీళ్ళు వంపేసి పీహెచ్ చూడాలి, మళ్ళీ కడగాలి. పీహెచ్ 7కి వచ్చేదాకా ఇదే పని. సోడియం మిగిలితే కెటలిస్ట్, అంటే చర్యను నడిపించే ఈ పొడి, పనితనం దెబ్బతింటుంది.

తర్వాత క్వార్ట్జ్ రియాక్టర్‌లో నీళ్ళు, గ్లిసరాల్, చిటికెడు కెటలిస్ట్ వేసి, గాలి పోయేలా నైట్రోజన్ పంపి, రబ్బరు మూత బిగించి మేడ మీద ఎండలో పెడతాం. గంటగంటకూ సిరంజితో కాస్త గ్యాస్ లాగి, కిందికి పరిగెత్తి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి, అంటే వాయువులను విడదీసి ఏది ఎంతుందో చూపే యంత్రంలోకి ఎక్కించాలి. అన్నిటికంటే ముందు వచ్చేది హైడ్రోజనే. ఆక్సిజన్, నైట్రోజన్ గీతల కంటే ముందు ఆ చిన్న శిఖరం స్క్రీన్ మీద లేస్తుంటే కలిగే సంతోషం చెప్పలేను. మనం చేతులతో చేసిన పొడి, మన ఊరి ఎండ కలిసి ఇచ్చిన ఇంధనం అది.

ఇక పేపర్లలో కనిపించే పెద్ద అంకెల సంగతి. ఫలితాన్ని గ్రాము కెటలిస్ట్‌కు గంటకు ఇన్ని మైక్రోమోల్స్ (వచ్చిన హైడ్రోజన్‌ను కొలిచే చిన్న కొలత) అని రాస్తారు. ఐదు మిల్లీగ్రాములు వాడి లెక్కగట్టి గ్రాముకు హెచ్చిస్తే అంకె బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ పొడి పెంచితే హైడ్రోజన్ అదే లెక్కన పెరగదు, ఎందుకంటే పడే కాంతి అంతే. గ్లిసరాల్ కలిపినప్పుడు పని సులువవుతుంది, కానీ అందులో గ్లిసరాల్ కూడా ఖర్చవుతుంది కాబట్టి దాన్ని అచ్చంగా నీళ్ళను విడగొట్టడం అనకూడదు. అయినా ఆ దారి నాకు ఇష్టం. బయోడీజిల్ తయారీలో వంద కిలోలకు సుమారు పది కిలోల గ్లిసరాల్ మిగులుతుంది, దానికి ఒక ఉపయోగం దొరుకుతుంది.

గ్లిసరాల్ లాంటివేవీ లేకుండా నీళ్ళతోనే జపాన్ వాళ్ళు వంద చదరపు మీటర్ల ప్యానెళ్ళు పరిచి 2021లో ఫలితాలు ప్రకటించారు. సూర్యశక్తిలో హైడ్రోజన్‌గా మారింది ఎక్కువలో ఎక్కువ 0.76 శాతం. వ్యాపారంగా నిలబడాలంటే 5 నుంచి 10 శాతం కావాలంటారు. కాబట్టి మరో ఐదేళ్ళలో దీనితో బండ్లు నడుస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఈరోజుకు దగ్గరి దారి సోలార్ కరెంటుతో ఎలక్ట్రోలైజర్, అంటే కరెంటుతో నీళ్ళను విడగొట్టే యంత్రం, నడపడమే. కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. కర్నూలు వైపు గని-శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ ఉన్న సీమలో ఇది దూరపు మాట కాదు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ అని కేంద్రం 2023లో మిషన్ కూడా ఆమోదించింది.

అలాగని ల్యాబ్‌లో నేర్చుకున్నది వృథా కాదు. ఎలక్ట్రోలైజర్‌లో ప్లాటినం, ఇరిడియం బదులు చవక లోహం వెతకాలన్నా, బ్యాటరీ పదార్థం చేయాలన్నా, అనంతపురం బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పట్టే పదార్థం తయారు చేయాలన్నా ఇదే చేతిపని కావాలి. ఆ ఫ్లోరైడ్ పని మీద ఎవరైనా గట్టిగా కూర్చోవాలని నా కోరిక. పళ్ళు గారపట్టిన పిల్లల్ని చూసినవాళ్ళకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇంటి సంగతికి వస్తే, జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, లేకుండా మాత్రం చేరొద్దు. 2023 జనవరి నుంచి అది నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం వేరే. ప్రాజెక్టు డబ్బు నెలల తరబడి రాక మా సీనియర్ ఒకాయన సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోవడం చూశాను. ఆ టెన్షన్‌లో పరిశోధన సాగదు. కాబట్టి ముందు ఆ ఫెలోషిప్ ఇచ్చే పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ రాయండి. వచ్చాక ఒక మామూలు పనిదినాన ల్యాబ్‌కు వెళ్ళి, ప్రొఫెసర్ కంటే ముందు అక్కడి స్కాలర్లతో మాట్లాడండి. క్రొమటోగ్రాఫ్ సొంతంగా ఉందా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాల కోసం శాంపిళ్ళు ఎక్కడికి పంపుతారు, రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఒకే పొడిని మళ్ళీ మళ్ళీ వాడితే ఎన్నిసార్ల దాకా అదే ఫలితం ఇస్తోంది అని అడగండి. చివరిదానికి రికార్డు పుస్తకం తెరిచి చూపిస్తే హైదరాబాద్ దాకా వెళ్ళనక్కర్లేదు, అక్కడే చేరిపోండి.